బల్ల దగ్గర నన్ను ఆపిన పెద్దలకు

నల్లగొండ, పాలమూరు జిల్లాల సంఘాల పాస్టర్లకు, సంఘ పెద్దలకు, స్త్రీల కూడికలు నడిపే అక్కలకు వందనాలు.

నాది దేవరకొండ దిక్కు ఒక ఊరు. ముప్పై ఒక్క ఏండ్లు ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. పుట్టినప్పటి నుంచి సంఘంలోనే ఉన్నాను. మా నాయనమ్మ బైబిల్ స్త్రీ. తెల్లచీర కట్టి, చేతిసంచిలో వాక్యం పెట్టుకొని ఊరూరూ కాలినడకన తిరిగిన మనిషి. ఈ లేఖలో నా సంఘం పేరు గానీ, ఏ పెద్ద పేరు గానీ రాయడం లేదు. ఎవరినీ బజారుకు ఈడ్వాలని రాయడం లేదు గనుక. కానీ జరిగింది చెప్పకుండా అడగాల్సింది అడగలేను.

పోయిన ఎండాకాలం మా పక్కింటి పెద్దమ్మ కాలం చేసింది. రక్తసంబంధం లేదు, మా కులమూ కాదు. ఆమె ఇంట్లో ఎల్లమ్మ పటం, మా ఇంట్లో సిలువ. నేను పల్స్ పోలియో దినాల్లో తండాలకు పోయినప్పుడు, అర్ధరాత్రి కాన్పు కేసని పిలుపొచ్చి పోయినప్పుడు, నా ఇద్దరు పిల్లలు ఆమె ఇంట్లో తిని ఆమె పక్కనే పడుకున్నారు. క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి నేను నిచ్చెన ఎక్కితే కింద పట్టుకున్నది ఆమె కొడుకు. నా భర్త పోయినప్పుడు మూడు రోజులు మా ఇంటి పొయ్యి వెలగలేదు. మాకు బువ్వ వచ్చింది ఆమె ఇంటి నుంచే.

పదకొండో నాడు దినాలకు వెళ్ళాను. ఆమె పేరిట ఒక విస్తరి పక్కకు తీసిపెట్టి, తర్వాత అందరికీ వడ్డించారు. నేనూ కూర్చొని తిన్నాను. ఫొటో ముందు ఏడ్చాను. కొబ్బరికాయ కొట్టలేదు, మొక్కలేదు. కొట్టమని నన్నెవరూ అడగలేదు. నేనెవరికి మొక్కుతానో ఇన్నేండ్లుగా వాళ్ళకు తెలుసు.

తర్వాత నెల మొదటి ఆదివారం, బల్ల ఆరాధన, అంటే ప్రభువును తలుచుకొని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. పాట మొదలయ్యేముందు ఒక పెద్ద నా దగ్గరకు వచ్చి వంగి, ‘అమ్మా, ఈసారికి మీరు పాలుపొందొద్దు. అన్యుల పిండకూడు తిన్నరని సంఘంలో మాటొచ్చింది’ అన్నాడు. మెల్లగానే చెప్పాడు. చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు. రొట్టె పళ్ళెం నా ముందు నుంచి పక్కామె చేతిలోకి పోయింది. అరవై మూడేండ్లు వచ్చాయి నాకు. పదహారేండ్లప్పుడు బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి నా ముందు నుంచి ఆ పళ్ళెం పోవడం అదే మొదలు.

‘అన్యులు’ అనే మాట దగ్గర కొంచెం ఆగుతాను. మన తెలుగు బైబిల్‌లో అన్యజనులు అని ఉంది. ఇశ్రాయేలు కాని జనాలందరికీ అది పేరు. ఆ లెక్కన మనమూ అన్యజనులమే. మీరూ, నేనూ, పాలమూరులో పుట్టిన ప్రతి విశ్వాసీ. సువార్త మన దాకా వచ్చిందే అన్యుల లెక్కలో. ఇప్పుడు ఆ మాటను తీసుకొచ్చి, నా పిల్లలకు గోరుముద్దలు తినిపించిన మనిషి మీద వేస్తున్నాం. కూడికల్లో పిల్లలు కూడా అలవాటుగా అంటున్నారు, ‘అన్యుల ఇంట్ల తినొద్దు’ అని. ఆ మాట గోడ అవతల వాళ్ళకు వినపడదని అనుకుంటున్నామా? మన ఊళ్ళలో పీర్ల పండుగకు పీరు ఎత్తుకునేది సాయిబులొక్కరే కాదు. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కేవాళ్ళలో హిందువులెందరో. ఒకరి గడప ఒకరు తొక్కడం ఈ నేల అలవాటు. ఎక్కడ మొక్కాలి, ఎక్కడ మొక్కకూడదు అనేది మనకు వేరే సంగతి. అది నాకు తెలుసు. గడప తొక్కడమే పాపమని మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు.

వాక్యం చూపిస్తారని తెలుసు, నేనూ చూశాను. మొదటి కొరింథీయులకు పదో అధ్యాయంలో పౌలు, విశ్వాసి కానివాడు భోజనానికి పిలిస్తే, పోవాలని మీకుంటే పోండి, వడ్డించినదాన్ని ఆరా తీయకుండా తినండి అంటాడు. ఆ వెంటనే, ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే తినొద్దంటాడు. నిజమే, దాన్ని నేను దాచను. కానీ ఎందుకు తినొద్దన్నాడో కూడా అక్కడే ఉంది. చెప్పినవాడి మనస్సాక్షి కోసం, నీ మనస్సాక్షి కోసం కాదు. అంటే ఎదుటివాడికి దెబ్బ తగులుతుందా అని చూడమన్నాడు. ఆ దినాల పంక్తిలో నేను తింటే ఎవరి విశ్వాసం చెడింది? తినకుండా లేచి వచ్చి ఉంటే ఆమె కొడుకు మనసుకు ఏమయ్యేది? ఈ రెండో ప్రశ్న మన సంఘంలో ఎవ్వరూ వేయలేదు.

అపొస్తలుల కార్యములు పదిహేను కూడా తీస్తారు. యెరూషలేము సభ పంపిన పత్రంలో విగ్రహాలకు అర్పించినవి ముట్టొద్దని ఉంది కదా అని. ఉంది. అయితే ఆ సభ ఎందుకు కూడింది? సున్నతి లేకపోతే రక్షణ లేదని కొందరు కొత్త విశ్వాసుల మీద భారం వేస్తుంటే, ఆ భారం దించడానికి కూడింది. పౌలు ఆ సభలో కూర్చున్నవాడే. ఆయనే కొరింథులోని వాళ్ళకు ‘పిలిస్తే పోండి’ అని రాశాడు. దించడానికి రాసిన కాగితాన్ని మనం ఎక్కించడానికి వాడుతున్నాం.

నేను ధర్మశాస్త్రానికి, అంటే దేవుడు మోషే ద్వారా ఇచ్చిన ఆజ్ఞలకు, వ్యతిరేకిని కాను. ‘మనది కృప, ధర్మశాస్త్రం యూదులది, దాంట్లో ప్రేమ లేదు’ అని కొందరు యువకులు ప్రసంగాల్లో తేలిగ్గా అనేస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించుమన్న మాట యేసు ప్రభువు కొత్తగా కనిపెట్టింది కాదు. లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలోది. అదే అధ్యాయంలో ఇంకొంచెం కిందికి పోతే, మీ మధ్య ఉన్న పరదేశిని కూడా అలాగే ప్రేమించమని ఉంది. ఆజ్ఞలన్నిటిలో ఏది ముఖ్యమని అడిగితే ప్రభువు ధర్మశాస్త్రంలో నుంచే రెండు మాటలు తీసి, మిగతాదంతా ఈ రెండింటి మీద ఆధారపడి ఉందన్నాడు. కాబట్టి తగువు ధర్మశాస్త్రానికీ ప్రేమకూ మధ్య లేదు. దేవుడు ఇచ్చినదానికీ, మనం దాని మీద కట్టిన కట్టుబాట్లకూ మధ్య ఉంది. బొట్టు, పూలు, గాజులు, దినాలు, పెండ్లిపందిరి, బతుకమ్మ. వీటిలో ఒక్కటీ సీనాయి కొండ మీద నుంచి దిగలేదు.

నా సంగతి వదిలేయండి. నేను ముసలిదాన్ని, ఓర్చుకుంటాను. ఈ లేఖ రాయించింది ఇంకొకామె.

మా వీధి చివరి ఇంటి కోడలు. ఇరవై నాలుగేండ్లు ఉంటాయి. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పటికి నేను రిటైరైనా, పాత అలవాటు కొద్దీ వెళ్ళి చూసేదాన్ని. పక్కన కూర్చునేదాన్ని, అంతే. వాక్యం చదవలేదు, కరపత్రం ఇవ్వలేదు. నెల రోజులకు ఆమే అడిగింది, ‘అమ్మా, మీరు సప్పుడు లేకుండ కండ్లు మూసుకుంటరు గద, ఏమంటరు లోపల?’ అని. చెప్పాను. తర్వాత స్త్రీల కూడికకు తనే వచ్చింది. రెండేండ్లు వచ్చింది. మేస్త్రీ పనికి పట్నం పోయే భర్త వద్దనలేదు. అత్త మొదట సణిగినా, కోడలి ముఖంలో మళ్ళీ కళ చూసి ఊరుకుంది.

బాప్తిస్మం తీసుకుంటానన్నది. తీసుకోవాలంటే బొట్టు, గాజులు, మెట్టెలు, పుస్తెలు తీసేయాలన్నారు. పాత జీవితం విడిచినట్టు గుర్తట. పిల్ల నమ్మింది. ఒక పొద్దుగాల స్నానం చేసి అన్నీ తీసి అల్మారలో పెట్టింది.

అత్త చూసి కుప్పకూలింది. ‘నా కొడుకు బతికుండంగనే పుస్తె తీసినవా బిడ్డా? మీ దేవుడు నా కొడుకు సావు కోరుతుండా?’ అని ఏడ్చింది. ఆ ఏడుపు నేను చెవులారా విన్నాను. పెద్దలారా, మన పల్లెల్లో పుస్తె ఎప్పుడు తీస్తారో మీకు తెలియదా? ఆ తల్లికి మనం చెప్పిన సువార్త అదొక్కటే అయ్యింది. యేసు అంటే కొడుకు సావు. రెండేండ్లు ఆ ఇంట్లో మెల్లగా వెలిగినదాన్ని ఒక్క పూటలో ఆర్పేశాం. భర్త పట్నం నుంచి వచ్చి ఇక సంఘం వైపు పోతే ఇంటికి రావద్దన్నాడు. ఆమె మానేసింది. సంఘంలో ఆమె పేరు చదివి, ‘లోకాన్ని ప్రేమించి వెనక్కి పోయింది, ప్రార్థన చేద్దాం’ అన్నారు.

నగలు తీయమనడానికి మీరు చూపించే మాట పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలోది. జడలు, బంగారం, వస్త్రాలు బయటి అలంకారం, లోపలి సాధుగుణమే అసలైన అలంకారం అన్న మాట. నేను ఆ అధ్యాయమంతా మళ్ళీ మళ్ళీ చదివాను. అది మొదలయ్యేదే వాక్యానికి లోబడని భర్తలున్న స్త్రీల గురించి. భార్య మాట్లాడకుండానే, ఆమె నడత చూసి భర్త ప్రభువు వైపు రావచ్చంటాడు పేతురు. ఆ పిల్ల పరిస్థితికి సరిగ్గా సరిపోయే వాక్యం అది! మనం మూడో వచనం పట్టుకొని మొదటి వచనాన్ని విరిచాం. ఇంకా కిందికి, పదిహేనో వచనంలో, మీ నిరీక్షణకు కారణం అడిగిన ప్రతివాడికీ సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి అంటాడు. అడిగినవాడికి. సాత్వికంతో.

మా నాయనమ్మ మెడలో పుస్తె ఉండేది. దాని మీద చిన్న సిలువ చెక్కించుకుంది. ఇప్పటికీ మన జిల్లాల్లో ఎన్నో సంఘాల్లో పెండ్లినాడు పాస్టరే పుస్తె మీద ప్రార్థన చేసి వరుడి చేతికిస్తారు. ఒక సంఘంలో ఆశీర్వాదమైనది ఇంకో సంఘంలో బాప్తిస్మానికి అడ్డమెట్లయ్యింది?

మన ప్రాంతానికి ఈ విశ్వాసం ఎట్లా వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 1889లో రష్యా నుంచి బయల్దేరిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో మిషన్ పని మొదలుపెట్టారు. 1899లో అమెరికా నుంచి మెనోనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళు వచ్చారు. తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, గద్వాల, మహబూబ్‌నగర్‌లో మిషన్ కాంపౌండ్లు లేచాయి. బడులు, హాస్టళ్ళు, దవాఖానాలు. జడ్చర్ల ఆసుపత్రిలో పుట్టామని చెప్పుకునేవాళ్ళు అన్ని మతాల్లోనూ ఉన్నారు. వాళ్ళు చేసిందంతా ఒప్పని నేననను. మన పాటలనూ, డప్పునూ చాలాకాలం దూరం పెట్టారు. కానీ ఊరి బావి దగ్గరికి రానివ్వని మన తాతలను బెంచీ మీద కూర్చోబెట్టి అక్షరం చేతికిచ్చారు. ఏం విడిచిపెట్టాలో అడగకముందే చేతికి ఏదో ఇచ్చారు.

ఆ మెనోనైట్ల పూర్వీకుల కథ మన పిల్లలకు ఎంతమంది చెబుతున్నారు? ఐరోపాలో పెద్దయ్యాక సొంతంగా నమ్మి బాప్తిస్మం తీసుకోవడం అప్పట్లో నేరం. 1527 జనవరిలో జూరిచ్‌లో ఫెలిక్స్ మాంజ్‌ను ఆ నేరానికే నదిలో ముంచి చంపారు. చంపినవాళ్ళూ క్రైస్తవులే. చట్టం ప్రకారమే చంపారు. నాకు అన్నిటికంటే గుండెల్లో నిలిచిపోయింది డిర్క్ విలెమ్స్ కథ. 1569, నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్ అనే ఊరు. బాప్తిస్మం కారణంగా పట్టుబడి, తప్పించుకొని, గడ్డకట్టిన నీళ్ళ మీదుగా పరిగెత్తాడు. వెంటపడ్డవాడి కింద మంచు పగిలింది. డిర్క్ వెనక్కి తిరిగి వచ్చి వాడిని పైకి లాగాడు. ప్రాణం దక్కినవాడు డిర్క్‌ను వదిలేయాలనుకున్నాడు. ఒడ్డున ఉన్న ఊరి అధికారి, ‘నువ్వు చేసిన ప్రమాణం గుర్తుంచుకో’ అని కేక వేశాడు. వాడు డిర్క్‌ను పట్టుకోక తప్పలేదు. ఆ మే నెలలో డిర్క్‌ను కాల్చి చంపారు.

ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు డిర్క్ కంటే నీళ్ళలో నుంచి లేచినవాడే గుర్తొస్తాడు. ఆ ఆదివారం నా ముఖం చూడలేక వంగి చెప్పిన పెద్ద గుర్తొస్తాడు. ఆయన మంచివాడు. ఆయన రెండో కొడుకుకు నేనే పురుడు పోశాను. వదిలేయాలని ఆయన మనసుకు ఉంది. వెనక నుంచి ఎవరో కట్టుబాటు గుర్తు చేశారు. పెద్దలారా, ఆ కేక వేస్తున్నది మనమే.

ఇక సువార్త చెప్పే పద్ధతి. చెప్పడం మానమని నేననను. నాకు దొరికినదాన్ని దాచుకుంటే అది నాకు ప్రియమైనదని ఎవరు నమ్ముతారు? చెప్పే హక్కు రాజ్యాంగం ఇరవై ఐదో అధికరణం ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, మన మత సూత్రాలను వివరించి చెప్పుకోవచ్చు గానీ, ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదన్నది. ఆ తీర్పు మీద పెద్దవాళ్ళ వాదనలు పెద్దవాళ్ళకున్నాయి. మన ప్రార్థన మందిరాలకు అడ్డం వచ్చేవాళ్ళు కొన్ని ఊళ్ళల్లో ఉన్నారు. మనవాళ్ళు మాటలు పడ్డారు, దెబ్బలు తిన్నారు. అది నాకు తెలుసు, వాళ్ళ పక్షాన నిలబడతాను. ఈ లేఖ మాత్రం మన ఇంటి లోపలిది.

రెండేండ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు, ఆడపిల్లలు తంగేడు, గునుగు పేర్చి చెరువుగట్టుకు పోతుంటే, పక్క మండలం నుంచి వచ్చిన మన యువకులు ఆటోకు మైకు కట్టి అడ్డంగా నిలిపారు. ‘పూలకు మొక్కితే నరకం’ అని గట్టిగా అరిచారు. ఒక ముసలామె చేతిలో బతుకమ్మతో అట్లనే నిలబడిపోయింది. ఆ రాత్రి మా పెద్దమ్మ నన్ను అడిగింది, ‘బిడ్డా, మీ సారు నన్ను నరకానికి పంపుతడా?’ అని. నవ్వుతూ అడిగింది, కానీ కండ్లు నవ్వలేదు. ఏటా ఆమె ఇచ్చే సత్తుపిండి ఆ ఏడు గిన్నెలో పెట్టి, పంపాలా వద్దా అని ఆలోచించిందట. మూడు తరాలుగా నడిచిన గిన్నె అది.

ముప్పై ఏండ్లు నేను చేసింది తలుపులు కొట్టే పనే. టీకా మందు ఎంత మంచిదైనా, గడప దగ్గర నిలబడి, ‘అమ్మా, బిడ్డ లేచిండా, పాలు తాగిండా’ అని అడగకుండా సూది తీస్తే ఏ తల్లీ బిడ్డను ఇవ్వదు. మీ పిల్లలకు తెలివి లేదు, మీ ఇండ్లు మురికి అని మొదలుపెట్టిన సిస్టర్లను ఊరు ఊరే తరిమింది. మందు మంచిదే, తరిమింది మనిషిని. నాకు వచ్చిన సువార్త పని అంతా ఆ గడప దగ్గరే నేర్చుకున్నాను.

మర్రిగూడ దిక్కు ఒక స్వస్థత కూడికలో, ఫ్లోరైడ్ నీళ్ళతో కాళ్ళు వంకరపోయిన మనిషిని ముందుకు పిలిచి ప్రార్థన చేసి, నడవలేకపోతే ‘నీ విశ్వాసం చాలలేదు’ అని వెనక్కి పంపారు. అతని ఎముకల్లో ఉన్నది మన బోరు నీళ్ళ దోషం. రోగం మోస్తున్నవాడి మీద పాపం కూడా మోపడం ఏ వాక్యంలో ఉంది? భారాలు కట్టి మనుషుల భుజాల మీద పెట్టి, తాము వేలితో కూడా కదిలించని వాళ్ళ గురించి ప్రభువు ఎట్లా మాట్లాడాడో మత్తయి ఇరవై మూడులో ఉంది.

పెద్దమ్మ చివరి పది రోజులు దేవరకొండ దవాఖానాలో ఉంది. రాత్రులు నేను తోడుండేదాన్ని. ఒక రాత్రి, ‘నువ్వు దండం పెట్టుకునేటప్పుడు నా పేరు చెప్తవా?’ అంది. రోజూ చెప్తానన్నాను. ‘ఏమని?’ అంది. నొప్పి తగ్గాలని, భయం పోవాలని, నువ్వు నాకు చేసినదంతా ఆయన మరిచిపోవద్దని అన్నాను. చాలాసేపు నా చేయి పట్టుకొని పడుకుంది. ‘మీ ఆయన మంచోడే ఉన్నడు’ అంది. ఆ మాటను ఏ రిజిస్టర్లో రాస్తారో రాయరో నాకు తెలియదు. ఆమెను బాప్తిస్మం గురించి అడగలేదని నన్ను తప్పు పట్టినవాళ్ళున్నారు. అడగలేదు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పాను.

నేను కోరేది ఇది. పుస్తె, బొట్టు తీయడాన్ని బాప్తిస్మానికి షరతు చేయకండి. ఎవరికి వారే ప్రభువు ముందు తేల్చుకోనివ్వండి. చావు ఇంట్లో, పెండ్లి ఇంట్లో తిన్నవాళ్ళను బల్లకు దూరం పెట్టే తీర్మానాలు ఉంటే కొట్టేయండి. యువకులను సువార్తకు పంపేముందు, ఆ ఊళ్ళో ఎవరి ఇంట్లోనైనా ఒక పూట కూర్చొని వాళ్ళ కష్టం విని రమ్మనండి. తెల్లవారుజామున మైకు ఆపండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచి చట్టంలోనే ఉంది. చట్టం లేకపోయినా, పక్కింట్లో పసిబిడ్డ నిద్రపోతుంటుంది. ఇంకొకటి, అన్నిటికంటే ముందు చేయాల్సింది. ఆ కోడలి ఇంటికి మీలో ఇద్దరు వెళ్ళండి. పిల్ల దగ్గరికి కాదు, అత్త దగ్గరికి. ఆమె ముందు కూర్చొని, ‘తప్పయ్యిందమ్మా, మా దేవుడు నీ కొడుకు నూరేండ్లు బతకాలని కోరుతడు’ అని చెప్పండి. మీరు పోకపోతే నేను మళ్ళీ పోతాను. ఇప్పటికే మూడుసార్లు పోయాను. మూడోసారి ఆమె నాకు చాయ్ ఇచ్చింది.

వచ్చే నెల మొదటి ఆదివారం నేను ఎప్పటి చోటనే, కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటాను. పళ్ళెం వస్తే చేయి చాపుతాను. నా పక్కన ఆ పిల్ల ఉంటుంది. బల్లలో పాలు పొందదు, ఊరికే పాటలు వింటానంది. అత్తే పంపుతానంది, నుదుట బొట్టు పెట్టి.

మీ సంఘ సహోదరి,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా